ఏకరూప విద్య – బహురూప బాల్యము

(పి.వి. సతీష్ గారి స్మృత్యర్థము జహీరాబాదులో చేసిన ఉపన్యాసపు పాఠము)



తన జీవితమున నాలుగు దశాబ్దములు పల్లెటూరి స్త్రీల మాట వినుటకు వెచ్చించిన మనిషిని స్మరించుటకై ఒకడు వేదిక నెక్కి గంటసేపు తానే మాటాడుటయు, ఆ స్త్రీలే ఎదుట కూర్చుండి వినవలసి వచ్చుటయు ఆయనకు అంతగా రుచించెడి ఏర్పాటు కాదేమో. అయినను స్మారకోపన్యాసమను ఆచారము మనకున్నది. దానిని పాటించుచునే, ఆయన పనికి సన్నిహితమైన ఒక ప్రశ్నను మీ ముందుంచినచో ఆ లోపము కొంత తీరునని తలచి, పిల్లల చదువును గూర్చి, అందును రాష్ట్రమంతటికి ఒకే అచ్చున పోసిన చదువును గూర్చి, నాకు తోచినది మనవి చేయుచున్నాను.

1945లో జన్మించిన సతీష్ గారు దూరదర్శన్‌లో ఇంచుమించు రెండు దశాబ్దములు కార్యక్రమ నిర్మాతగా పనిచేసిరి. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు మన దేశమున సైట్ అను ఉపగ్రహ బోధనా ప్రయోగము జరిగినది. అమెరికావారి ఉపగ్రహము ద్వారా, ఆంధ్రప్రదేశ్ మొదలుగా ఆరు రాష్ట్రములలోని 2,400 పల్లెలకు, ఉదయము బడిపిల్లలకొరకును సాయంకాలము పెద్దలకొరకును కార్యక్రమములు ఆకాశమునుండి నేరుగా దిగుచుండెడివి. ఆ ప్రయోగమున ముఖ్యమైన పాలు పంచుకొన్నవారిలో ఆయన యొకరు. అంతటి మహాయంత్రపు లోగుట్టు తెలిసినవాడు 1983లో మిత్రులతో కలిసి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని నెలకొల్పి, ఈ పస్తాపూరు పరిసరములకు వచ్చి, 2023 మార్చి 19న కన్నుమూయువరకు ఇక్కడి దళిత స్త్రీల సంఘములతోనే మసలెను. 2008 అక్టోబరు 15న మాచునూరులో మొదలైన వారి సంఘం రేడియో గొంతు చుట్టుప్రక్కల పల్లెలను దాటి దూరము పోదు. పోవలసిన పనియు లేదు. దేశమునకంతకు వినబడు గొంతునుండి నడిచిపోగల దూరమున వినబడు గొంతునకు వచ్చుట నాకు దిగుటగా తోచదు. మాటాడువానికి వినువాని ముఖము కనబడవలెనన్నచో అంత దగ్గరకు రాక తప్పదు.

మన బడి మాత్రము నేటికిని 1975 నాటి ప్రసారపు పద్ధతినే అనుసరించుచున్నది. పాఠ్యపుస్తకము, ప్రశ్నపత్రము, సెలవుల జాబితా, ఉపాధ్యాయుల శిక్షణ, ఇవన్నియు ఒక్కచోట తయారై అన్ని చోట్లకును ఏకకాలమున దిగును. ఇందులో కొంత అవసరమే. గణితము జహీరాబాదుకొకటి, ఖమ్మమునకొకటి ఉండదు. కాని ఏది ఒక్కటిగా నుండవలెను, ఏది ఊరిని బట్టి, బిడ్డను బట్టి మారవలెను అను విచారణ చేయకయే అన్నిటిని ఒక్కటి చేసివేయుట మన విద్యాశాఖలకు తరతరములుగా అలవడిన సులభ మార్గము.

ఈ సీమ ఎట్టిదో సభలోనివారికి చెప్పనక్కరలేదు. అచ్చులో చదువువారికొరకు చెప్పుచున్నాను. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు బీదరు జిల్లానుండి, నిర్ణా సర్కిలు మినహాయించి జహీరాబాదు తాలూకాను, నారాయణఖేడ్ తాలూకాను, న్యాల్‌కల్ సర్కిలును తెచ్చి ఆంధ్రప్రదేశ్‌లో కలిపిరి. గీత గీసినవారికి ఇండ్లలోని మాటలు సైతము ఆ గీతకు లోబడునను భ్రమ ఉండియుండవచ్చును. అవి లోబడలేదు. తెలుగు మాటాడు పిల్ల, దక్కనీ ఉర్దూ మాటాడు పిల్లవాడు, సరిహద్దు పల్లెలో కన్నడము విని పెరిగిన అమ్మాయి, తాండానుండి వచ్చిన లంబాడీ బాలుడు ఒకే తరగతిలో ప్రక్కప్రక్కన కూర్చుండుట ఇక్కడ వింత కాదు. బడిలో భాషను ఒకే మూసలో పోయుటయు ఈ సీమకు కొత్త కాదు. నిజాము రాజ్యమున ఉర్దూ బోధనాభాష యగుటచేత తెలుగు బిడ్డ తన ఇంటి మాటను గడప వెలుపల విడిచి తరగతిలోనికి పోవలసి యుండెను. 1930లో ఇక్కడికి ఎంతో దూరము లేని జోగిపేటలో, సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన తొలి సభ జరుపుకొన్న ఆంధ్ర మహాసభ కోరికలలో మాతృభాషావిద్య ప్రధానమైనది. ఆనాటి అన్యాయమును ఇంత స్పష్టముగా గుర్తించిన మనము, నేడు తాండాబిడ్డకు తెలుగు బడి ఏ విధముగా కనబడుచున్నదో ఒకమారైనను విచారించితిమా? 2022–23 నుండి ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టి, ఒక పుట తెలుగున, ఎదుటి పుట ఇంగ్లీషున ముద్రించిన పుస్తకములు ఇచ్చిరి. తల్లిదండ్రులు కోరినదే ప్రభుత్వము చేసినది గనుక దానిని నిందింపను. ఎదురెదురు పుటలు రెండిటిలోను లంబాడీ బిడ్డ ఇంటి మాట లేదని మాత్రము గుర్తుచేయుచున్నాను.

భాషను గూర్చి ఎందరో మాటాడిరి. అంతకంటె కనబడక, అంతకంటె ఎక్కువ హాని చేయు ఏకరూపత మరియొకటి గలదు. అది బడి పంచాంగము. మన రాష్ట్రమున బడి జూన్ 12 ప్రాంతమున తెరచి ఏప్రిల్ నాల్గవ వారమున మూయుదురు. ఈ తేదీలు హైదరాబాదు బంజారాహిల్సుకును, నారాయణఖేడ్ తాండాకును ఒక్కటే. ఆ తాండాలోని ఒక బాలిక ఏడాది ఎట్లు నడచునో చూడుడు. జూన్‌లో బడిబాట పేరిట ఉపాధ్యాయులు ఇల్లిల్లు తిరిగి ఆమె పేరు మూడవ తరగతిలో వ్రాసికొందురు. పిల్ల దసరా వరకు వచ్చును. బతుకమ్మ సెలవులు ముగిసి బడి మరల తెరచునప్పటికి గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఇంట ఖర్చయి యుండును. దీపావళికి అటు ఇటుగా తల్లిదండ్రులు తట్టాబుట్టా సర్దుకొని చెరుకు నరుకుటకు బయలుదేరుదురు. ఇంట ముసలివారు లేకున్న పిల్లయు వారి వెంట పోవలసినదే. తెల్లవారకముందే తల్లి కొడవలి పట్టి చెరుకులోనికి దిగును. ఎనిమిదేండ్ల ఈ పిల్ల చంటి తమ్ముని చంకనెత్తుకొని గట్టున కూర్చుండును, లేదా నరికిన గడలపైనుండి ఆకు దులిపి ప్రోగుచేయును. హాజరు పట్టీలో ఆమె పేరున కొన్ని వారములు గైరుహాజరు గుర్తులు వరుసగా పడి, తరువాత ఆ గుర్తు వేయుటయు మానుదురు. ఉగాదికి ఆమె తిరిగి వచ్చునప్పటికి ఒంటిపూట బడులు నడుచుచుండును. వెనువెంటనే వార్షిక పరీక్ష వచ్చును. ఆ వెనుకనే వేసవి సెలవులు. జూన్‌లో ఆమె చేతికి నాల్గవ తరగతి పుస్తకము వచ్చును. అందలి లెక్కకు ముందుండవలసిన లెక్క ఆమె చెరుకుతోటలో నున్నప్పుడే జరిగిపోయినది.

దీనిని ఆ కుటుంబపు నిర్లక్ష్యమని చెప్పువారిని నేనెరుగుదును. వారిలో కొందరు ఉపాధ్యాయులే. బిడ్డను చదివించవలెనను కోరిక లేని తల్లి ఈ తాండాలలో అరుదు. “బడి మాకోసం ఆగుతదా సారూ” అని ఆమె ఒక్క మాటలో చెప్పివేయును. అది నిష్ఠూరముగా పలికినను, పాలనాశాస్త్రమునకు సంబంధించిన ప్రశ్న. పిల్లలను ఊరిలోనే నిలుపుటకై సీజనల్ హాస్టళ్లు పెట్టిరి, అవి ఉపకరించుచున్నవి. కాని ఏడేండ్ల బిడ్డను ఐదు నెలలు తల్లికి దూరము చేసియైన పంచాంగమును మాత్రము కదపరాదనుట, పంచాంగమునకు మనమిచ్చిన పవిత్రతను తెలుపుచున్నది.

ఇక పిల్లలు బడికి తెచ్చు జ్ఞానమును గూర్చి. ఇక్కడి ఎర్రనేలలలో ఒక్క చేనిలో జొన్న, కంది, కొర్ర, సామ, సజ్జ, పెసర, అనుము, నువ్వు కలిపి విత్తుదురు. నల్లరేగడిలో వానలు వెనుకబట్టిన తరువాత విత్తి, మంచుతడితోనే పండించు పైరులను సత్యం పంటలని పిలుతురు. ఈ సీమలో పదేండ్ల పిల్ల విత్తనపు బుట్టకు అడుగున బూడిదయు వేపాకును వేసి, పైన మట్టియు పేడయు కలిపి మెత్తి మూయుట తల్లి ప్రక్కన కూర్చుండి నేర్చినది. ఏ గింజకు ఎంత ఎండ చూపవలెనో, ఏది ముందు పుచ్చునో ఆమెకు తెలియును. బడిలో ‘విత్తనములను నిల్వచేయు పద్ధతులు’ అను ప్రశ్న వచ్చునప్పుడు, పుస్తకమునందలి నాలుగు పద్ధతులను వరుసగా వ్రాసినవానికి మార్కులు వచ్చును, తన చేతితో చేసినదానిని తన మాటలలో వ్రాసిన ఈ పిల్ల ఎదుట ఉపాధ్యాయుడు ఎర్రసిరా కలముతో సంకోచించును. ఆయన చెడ్డవాడు కాడు. జవాబుపత్రమును దిద్దుటకు పైనుండి వచ్చిన సూచనలలో ఆ బుట్ట లేదు. పొలమును బడికి ఉపమానముగా చెప్పి, కలగూర పైరువలె కలగూర చదువు కావలెనని ముక్తాయించుట ఈ వేదికమీద మిక్కిలి సులభము. పలువురు అట్లు చెప్పియున్నారు కూడ. పిల్లలు పైరులు కారు గనుక నేనాపని చేయను.

సతీష్ గారును, సంఘము స్త్రీలును ఈ చిక్కునకు వెదకిన సమాధానము 1993లో మాచునూరులో మొదలైన పచ్చసాలె. ఆ ఏడాదియే ఢిల్లీలో యశ్‌పాల్ గారి సంఘము పిల్లల చదువు బరువును గూర్చి ప్రసిద్ధమైన నివేదికను సమర్పించినది. పనిలో మునిగియున్న పిల్లలను, అందును దళితుల బిడ్డలను, ఆడపిల్లలను ఉద్దేశించి పచ్చసాలెను తెరచిరి. అక్కడ తెలుగు, గణితము, సామాన్యశాస్త్రములతోపాటు వ్యవసాయము, వడ్రంగము, కుండలు చేయుట, కుట్టుపని, తాపీపని, పుస్తకముల బైండింగు, పశువైద్యము, ఆరోగ్యరక్షణ వంటి విద్యలు నేర్పుదురు. చేతిపని ఆటవిడుపుగా వచ్చునది కాదు. పాఠముతో సమానమైన గౌరవము దానికి ఉన్నది. నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి: ఈ పిల్లలు తుదకు రాష్ట్రములోని అందరు పిల్లలతోపాటు పదవ తరగతి పరీక్ష వ్రాయుదురు. ఈ కడపటి అంశమే లేనిచో నేను పచ్చసాలెను ఇంతగా పొగడ సాహసింపను. అందులకు కారణము చరిత్రలో నున్నది.

1953లో మదరాసు ముఖ్యమంత్రి రాజగోపాలాచారిగారు గ్రామీణ ప్రాథమిక పాఠశాలలలో ఒక కొత్త పద్ధతిని ప్రవేశపెట్టిరి. పిల్లలు పూట బడిలో నుండి, తక్కిన పూట తండ్రి వృత్తిని నేర్వవలెను. అప్పటికి ఆంధ్ర రాష్ట్రము ఇంకను విడిపోలేదు గనుక ఆ పథకపు నీడ కొన్ని నెలలు మన కోస్తా, రాయలసీమ జిల్లాల మీదను పడినది. బడి పల్లెజీవితమునకు దగ్గర కావలెనను మాట వినుటకు ఎంతో సొంపుగా నుండును. కాని చాకలి బిడ్డ మధ్యాహ్నము చాకిరేవునకు పోవలెను, బ్రాహ్మణుని బిడ్డ ఇంట మరల పుస్తకమే పట్టవలెను అనునది దాని ఆచరణఫలము. దానిని కులవిద్య యని పిలిచి ద్రావిడోద్యమము ఎదిరించినది. 1954లో రాజాజీ పదవి వీడిరి. తరువాత వచ్చిన కామరాజుగారు పథకమును రద్దుచేసిరి. ఏకరూప విద్యను విమర్శించు మనబోటివారు ఈ కథను మరువరాదు. బడుగువానికి ఏకరూపత బంధనముగా గాక రక్షగా కనబడిన సందర్భములు మన దేశమున కొల్లలు. ఒకే గది, ఒకే పుస్తకము, ఒకే రంగు అంగీ, ఇవి అతని బిడ్డ కులమును ఆ కొన్ని గంటలైన కప్పిపుచ్చినవి. అతనికి ‘నీ బిడ్డకు తగిన చదువు’ అనగానే ‘తక్కువ చదువు’ అని వినబడినచో, ఆ వినికిడిలో అనుభవమున్నది.

ఇదే సంశయమును మన కాలమున మిక్కిలి బలముగా వినిపించినవారు శాంతా సిన్హాగారు. 1991 నుండి ఆమె నాయకత్వమున రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ నడిపిన ఉద్యమమునకు సూత్రము సరళమైనది: బడిలో లేని బిడ్డ యెవరైనను బాలకార్మికుడే, అతనికి కావలసినది పూర్తికాలపు మామూలు బడియే, రాత్రిబడి, అనియత విద్య అనునవి పేదలకు మారుపేరుతో వేసిన ముష్టి. 2003లో మెగసెసే పురస్కారము పొందిన ఈ కృషి వేలాది పిల్లలను పనినుండి తప్పించి బడికి చేర్చినది. అప్పటి మన మెదకు జిల్లాకు ప్రక్కనే రంగారెడ్డి, ఒకే దశాబ్దము, ఒకచోట మామూలు బడియే కావలెననిరి, మరియొకచోట మామూలు బడి చాలదనిరి. ఇద్దరును ఒకే బిడ్డను ఉద్దేశించి పలికినవారే.

నేను ఈ తగవులో న్యాయమూర్తిని కాను గాని, నా తీర్పు దాచను. గమ్యము విషయమున శాంతా సిన్హాగారిది సరియైన మాట. మార్గము విషయమున మాచునూరువారిది సరియైన మాట. దీనికి సాక్ష్యము ఆ ఫౌండేషన్ పనిలోనే దొరకును. పదునొకండేండ్ల వరకు గొడ్లు కాచిన పిల్లవానిని వారు నేరుగా ఆరవ తరగతిలో కూర్చుండబెట్టలేదు. బ్రిడ్జి కోర్సు శిబిరములలో ఉంచి, తరగతుల అడ్డుగోడలు తీసివేసి, పాటతోను, మాటతోను, వాని వేగమునకు తగినట్లు చదువు నేర్పి, తరువాత వయస్సుకు తగిన తరగతిలో చేర్చిరి. మామూలు బడి తప్ప వేరేదియు వలదన్నవారు సైతము ఆ బడి గుమ్మము దాటించుటకు మామూలు కాని బోధనను ఆశ్రయించిరి. ఆ శిబిరమున కుదిరిన బోధన, గుమ్మము దాటిన మరునాడు తరగతిలో ఎందుకు కుదరదు? 1882లో హంటర్ కమిషన్ ఎదుట మహాత్మా ఫూలే చదువు, వ్రాత, లెక్కలు, చరిత్ర, భూగోళములతోపాటు సేద్యపు ప్రాథమిక జ్ఞానమును పాఠముగా కోరినప్పుడు, రెండిటిలో ఒకదానిని ఎన్నుకొనుమని ఆయన శూద్రాతిశూద్రులకు చెప్పలేదు.

ప్రభుత్వము మేల్కొనలేదని చెప్పిన అసత్యమగును. 1980వ దశకమున బ్రిటిషువారి సహాయముతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకమునకు ఆరు సూత్రములుండెడివి. పిల్లల వ్యక్తిగత భేదములను గమనించుట ఒక సూత్రము, స్థానిక పరిసరములను వాడుకొనుట మరియొకటి. ఎంత మంచి మాటలు! కాని ఆ ఆరు సూత్రములను ఉపాధ్యాయులందరికి ఒకే శిక్షణగా, ఒకే కరదీపికగా పంపిరి. తరువాత కొంతకాలమునకు శ్రీకాకుళము మొదలు ఆదిలాబాదు వరకు తరగతి గోడలకు ఒకే విధమైన తోరణములు వ్రేలాడినవి. భేదమును గమనింపుడని చెప్పుటలో కూడ మనము ఏకరూపతను వీడలేకపోతిమి.

దీనికి భిన్నముగా, మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుప్రక్కల పల్లెలలో నడపిన చిన్న బడులు నాకు ఆదర్శప్రాయముగా తోచును. అక్కడ పాఠ్యపుస్తకమును చిన్న చిన్న కార్డులుగా విడదీసి, వానిని నిచ్చెన మెట్లవలె అమర్చిరి. పిల్ల తాను ఏ మెట్టున నిలిచినదో తానే చూచుకొని, అచ్చటి కార్డు తీసికొని పని చేయును. నెల రోజులు ఊరిలో లేనిచో, వచ్చిన తరువాత విడిచిన మెట్టునుండియే ఎక్కును. పైన చెప్పిన తాండా బాలికకు ఇంతకంటె కావలసినదేమి? ఐదు తరగతులకు ఒకరో ఇద్దరో ఉపాధ్యాయులున్న బడులు మన పల్లెలలో నేటికిని ఎన్నో గలవు. తరగతికొక ఉపాధ్యాయుడున్నాడను ఊహతో వ్రాసిన పుస్తకము వారికి శిక్షవంటిది. ఈ పద్ధతిని తమిళనాడు ప్రభుత్వము స్వీకరించి తన బడులలో పెద్ద ఎత్తున ప్రవేశపెట్టినది. పుట్టినింటనున్న మనము చూచుచు కూర్చుంటిమి.

ధనవంతుల బిడ్డలు ఈ అచ్చునుండి తప్పించుకొనిరని ఎవరైన తలచినచో, ఆరవ తరగతినుండియే ఐఐటీ పునాది వేయు బడులను ఒకమారు చూచిరావలెను. ఆ మాట ఇంతటితో విడుచుచున్నాను. వారి పక్షమున మాటాడువారు చాలమంది గలరు.

చివరకు ఒక ఆచరణీయమైన విషయము. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుండి అమలైన విద్యాహక్కు చట్టము బడి నడువవలసిన రోజులను నిర్ణయించినది: ఐదవ తరగతి వరకు ఏడాదికి 200, ఆరు మొదలు ఎనిమిది వరకు 220. ఆ రోజులు ఏ నెలలో ఉండవలెనో చట్టము చెప్పలేదు. పైపెచ్చు తొమ్మిదవ సెక్షనులో, స్థానిక ప్రభుత్వపు విధులను చెప్పుచు, వలస కుటుంబముల పిల్లలకు ప్రవేశము కల్పించుటను ఒక విధిగాను, విద్యాసంవత్సరపు పంచాంగమును నిర్ణయించుటను మరియొక విధిగాను పేర్కొన్నది. అనగా జూన్ 12ను దైవనిర్ణయముగా భావింపనక్కరలేదు. ఉగాదికి తిరిగి వచ్చు పిల్లలున్న తాండాలలో వార్షిక పరీక్షను వెనుకకు జరిపి, మే నెలలోను ఒంటిపూట బడి నడుపవచ్చును. కంది కోతల వారమున సెలవిచ్చి, ఆ రోజులను మరియొకచోట పూడ్చుకొనవచ్చును. చెరుకు నరుకు చోటి బడిలో నవంబరులో వచ్చిన బిడ్డ పేరును ఆ రోజే వ్రాసికొనవచ్చును. వీనిలో ఏ ఒక్కదానికిని కొత్త చట్టము అవసరము లేదు, కొత్త భవనము అవసరము లేదు.

ఈ సభలో సర్పంచులు గలరు, ఉపాధ్యాయ సంఘముల పెద్దలు గలరు, సంఘము స్త్రీలు గలరు. జహీరాబాదు, ఝరాసంగము, న్యాల్‌కల్, నారాయణఖేడ్ మండలములలో ఏ ఊరినుండి ఎందరు పిల్లలు ఏ నెలలో పోవుదురో, ఏ నెలలో వత్తురో మీకు తెలిసినంతగా హైదరాబాదులో ఎవరికిని తెలియదు. ఆ లెక్కను గ్రామసభలో వ్రాయించి, రాబోవు విద్యాసంవత్సరమునకు మీ ఊరి బడి పంచాంగమును మీరే నిర్ణయించి, ఆ తీర్మానమును జిల్లా అధికారులకు పంపుడని మిమ్ము వేడుకొనుచున్నాను.